మా ఫ్యాక్టరీలో గర్భానికి ముందు జాగ్రత్తల క్లాసు పెట్టించడానికి పడ్డ తిప్పలు

అచ్యుతాపురం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్‌ని నేను. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ పోస్టు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, కాకపోతే చాలాచోట్ల మా పని క్యాంటీన్ ఫిర్యాదులూ బస్సు గొడవల దగ్గరే తెల్లారిపోతుంది. కుట్టు లైన్లలో దాదాపు అందరూ ఆడవాళ్ళే, అందులోనూ పెళ్ళి కావాల్సినవాళ్ళు, కొత్తగా అయినవాళ్ళే ఎక్కువ. కడుపుతో ఉన్నామని చెప్పాకే మా దగ్గర ఫైలు కదులుతుంది: ఈఎస్‌ఐ ఫారాలు, 26 వారాల సెలవు లెక్క. దానికి ముందు తెలియాల్సినవి చెప్పే నాథుడే లేడు.

అందుకే ఒక క్లాసు పెడదామన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ గారు వినగానే "టార్గెట్ ఎవరు తీరుస్తారమ్మా?" అన్నారు. లైన్ ఆపొద్దులెండి, భోజనం బ్రేక్‌కి ఇంకో పావుగంట కలిపి బ్యాచ్‌లుగా పంపండి అని బేరమాడితే ఎలాగో ఒప్పుకున్నారు. అసలు పేచీ హెచ్‌ఆర్ దగ్గర వచ్చింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళ లిస్టు తీసి వాళ్ళనే పిలుద్దాం అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ లిస్టులో పేరెక్కిందంటే "ఈ ఏడాది సెలవు పెట్టబోయే మనిషి" అని ముద్ర పడినట్టే, రేపు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు ఆ కాగితం ఎవరికి గుర్తొస్తుందో చెప్పలేం. అక్కడ మాత్రం నేను మెట్టు దిగలేదు. పెళ్ళితో సంబంధం లేకుండా లైన్‌లో ఉన్నవాళ్ళందరూ రావాలి, పిల్లలెప్పుడని ఎవరినీ అడక్కూడదు, రక్తపరీక్ష రిపోర్టు ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వాలి తప్ప ఆఫీసుకి కాపీ రాకూడదు. ఇదంతా మెయిల్‌లో రాయించుకున్నాకే డాక్టరమ్మ గారిని పిలిచాను.

మొదట్లో వెనక వరసల్లో ఒకటే నవ్వులు. "బిడ్డకి మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని మీరు గమనించి, ఇంట్లో చెప్పి, మా దగ్గరకి వచ్చేసరికి అది అయిపోయి ఉంటుంది. అది సరిగా మూసుకోవడానికి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర నేను అప్పుడు రాస్తే ఆ గొట్టానికి ఏం లాభం?" అని ఆవిడ అడిగేసరికి నవ్వులు తగ్గాయి. కనీసం నెల ముందు నుంచి రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలట. మూర్ఛ మందులు వాడేవాళ్ళు, అంతకుముందు ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టినవాళ్ళు ముందే డాక్టర్ని కలవాలి, వాళ్ళ డోసు వేరు, అలాగని మూర్ఛ మందు సొంతంగా మానేయకూడదు. షుగర్, థైరాయిడ్ ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి, రుబెల్లా టీకా వేయించుకుంటే ఆ తర్వాత నెల పాటు గర్భం రాకుండా ఆగాలి.

రక్తహీనత గురించి అయితే ఎంత చెప్పినా తక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి ఉందని తేలింది. "నాకేంటి, దుక్కలా ఉన్నాను" అన్న అమ్మాయిలకి కూడా పరీక్షలో హిమోగ్లోబిన్ 12 దాటలేదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర వారానికొకటి వేసుకోవాలి, కానీ మా క్యాంటీన్‌లో భోజనం అవగానే టీ ఇస్తారు, దాని మీద టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అందుకని రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాం. ఒకమ్మాయి పక్కకి పిలిచి, "పెళ్ళే కాలేదు మేడం, ఇవి మింగుతున్నానని ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు?" అంది. రక్తం పట్టడానికని చెప్పమ్మా, నిజం కూడా అదే కదా అన్నాను.

నేను ఊహించని ప్రశ్న మరకలు తీసే టేబుల్ నుంచి వచ్చింది. అక్కడ గన్‌తో కెమికల్ కొడతారు, ఘాటుకి తల తిరుగుతుంది, "పిల్లలు కావాలనుకునేవాళ్ళు అక్కడ పనిచేయొచ్చా?" అని ఒకావిడ సూటిగా అడిగింది. ఆ డబ్బా మీద ఏముందో చూపించమన్నారు డాక్టరమ్మ. చూస్తే వేరే డబ్బాలో పోసి వాడుతున్నారు, లేబులే లేదు! స్టోర్ నుంచి అసలు డబ్బా, అందులో ఏముందో, ఏం జాగ్రత్త పడాలో రాసి ఉండే సేఫ్టీ షీట్ తెప్పించడానికే పెద్ద రగడ అయింది. ఇప్పుడు ఆ టేబుల్ మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది, అడిగినవాళ్ళని కారణం చెప్పమనకుండా వేరే పనికి మారుస్తున్నారు.

ఇక మగ సూపర్‌వైజర్లు, మెకానిక్‌లకి కూడా ఒక క్లాసు పెట్టాలి, గుట్కా, సిగరెట్ల సంగతి వాళ్ళకే చెప్పాలిగా. కొత్తగా చేరేవాళ్ళకి మొదటి రోజే, పీఎఫ్ ఫారాలకీ ఫైర్ సేఫ్టీకీ మధ్య అరగంట ఇవ్వమని అడిగాను. హెచ్‌ఆర్ ఇరవై నిమిషాల దగ్గర ఉంది, బేరం నడుస్తోంది.