ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నెమ్మదిస్తే, ఫార్మాట్ చేయించే ముందు

ల్యాప్‌టాప్ నెమ్మదించడంలో రెండు రకాలు ఉన్నాయి. నాలుగైదేళ్లు వాడిన యంత్రం ఏటికేడు కొద్దికొద్దిగా మందగించడం ఒక రకం. నిన్న సాయంత్రం దాకా సవ్యంగా నడిచినది, ఈ ఉదయం ఒక ఎక్సెల్ ఫైలు తెరవడానికే నిమిషం తీసుకోవడం రెండో రకం. ఈ రెండో రకానికి దాదాపు ఎప్పుడూ ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ చుట్టుపక్కల జరిగిన ఏదో ఒక మార్పు ఉంటుంది. మా గుంటూరులో మాత్రం రెంటికీ ఒకటే చికిత్స: దుకాణంలో ఇస్తే ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇస్తారు. బండి పెట్రోలు లేక ఆగితే ఇంజను విప్పించినట్లుంటుంది ఈ పద్ధతి. పైగా లోపం ఎక్కడుందో చెప్పగల ఆధారాలన్నీ ఆ ఫార్మాట్‌తోనే తుడిచిపెట్టుకుపోతాయి.

బ్రాడీపేటలో పన్నుల లెక్కలు చూసే కార్యాలయం నాది. ప్రతినెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బీ అనే జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయాల్సిన పని కాబట్టి, యంత్రం ఎందుకు మొరాయించిందో త్వరగా తేల్చుకోవడం నాకు అవసరంగానే అలవాటైంది. నేను మొదట చూసేది, యంత్రం మీద ఏ పని భారం ఎంత ఉందో చూపే టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న విభాగంలో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అన్న మూడు గీతలనూ ఒక ఐదు నిమిషాలు ఊరికే గమనించాలి. వీటిలో ఏది నూరు శాతానికి అంటుకుపోయిందో తెలిస్తే సగం పని అయినట్టే. మూడూ ఖాళీగా ఉండి కూడా యంత్రం కదలకపోతే, అది వేరే కథ. దాని గురించే ఇక్కడ ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడుపుతూ ట్యాలీ అనే ప్రోగ్రాములో లెక్కలు రాసుకునే మా బావమరిది, సీజను మంచి జోరు మీద ఉండగా ఫోన్ చేసి, "బావగారూ, ట్యాలీ తెరుచుకోవడానికే ఒక టీ తాగి రావచ్చు. విండోస్ పాడైందంటున్నారు, ఫార్మాట్ కొట్టించేస్తున్నాను" అన్నాడు. ఆగమని చెప్పి వెళ్లి చూస్తే ఫ్యాను చప్పుడు లేదు, అడుగు భాగం చల్లగా ఉంది, డిస్క్ ఖాళీగా ఉంది. కానీ సీపీయూ గీత కింద 'స్పీడ్' అన్న చోట 0.78 గిగాహెర్ట్జ్ అని కనిపిస్తోంది. ఆ ప్రాసెసర్ బేస్ స్పీడ్, అంటే దాని మామూలు వేగం, 2.40. పని లేనప్పుడు ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకోవడం మామూలే కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఏమీ తేల్చకూడదు. అందుకని బ్రౌజరు, ట్యాలీ, ఒక పెద్ద ఎక్సెల్ ఫైలు ఒకేసారి తెరిపించాను. అంత పని మీద పడినా అంకె 0.78 దాటలేదు. అంటే ప్రాసెసర్‌కు పని చేసే శక్తి ఉంది కానీ, ఎవరో దాన్ని పట్టి ఆపుతున్నారు.

చార్జర్ పిన్ను ఊడదీయమన్నాను. కొన్ని క్షణాల్లో అంకె మూడు దాటింది, యంత్రం మళ్లీ మామూలైంది. పిన్ను పెట్టగానే మళ్లీ 0.78. పాత చార్జర్ వైరు తెగితే ఆ వారమే బయట ఒక డూప్లికేట్ చార్జర్ కొన్నాడట. అది తప్ప ఆ యంత్రంలో మారినదేమీ లేదు.

దీని వెనక ఉన్న ఏర్పాటు తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. కొన్ని కంపెనీల గుండ్రటి చార్జర్ పిన్నులో మధ్యన సన్నని సూది ఒకటి ఉంటుంది. అది కరెంటు కోసం కాదు. ఈ చార్జర్ 45 వాట్లదా, 65 వాట్లదా అన్న సమాచారాన్ని ల్యాప్‌టాప్‌కు అందించడానికి. డూప్లికేట్ చార్జర్‌లో ఆ సమాచారం లేకపోయినా, అసలు చార్జర్‌లోనే ఆ సూది వంగినా, దాని సన్నని తీగ తెగినా, చార్జర్ ఎంత శక్తి ఇవ్వగలదో యంత్రానికి తెలియదు. అప్పుడది జాగ్రత్తపడి బ్యాటరీకి చార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి దించేస్తుంది. బ్యాటరీ గుర్తు మీద ప్లగ్ పెట్టినా చార్జ్ కావడం లేదన్న మాట, యంత్రం ఆన్ చేయగానే చార్జర్‌ను గుర్తించలేకపోతున్నామన్న సందేశం, ఈ రెండూ దీని ఆనవాళ్లే. మనం చేసేదల్లా ఆ సందేశం రాగానే ఎంటర్ నొక్కి దాటేయడం. టైప్-సీ చార్జర్ల విషయంలోనూ ఫోన్ చార్జర్‌తో సరిపెట్టేవారికి ఇదే అనుభవం ఎదురు కావచ్చు. ఆ కట్టడిని తీసేసే సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి గానీ వాటిని నేను సమర్థించను. తక్కువ శక్తి గల చార్జర్ నుంచి ఎక్కువ లాగకుండా ఉండటానికి పెట్టిన కాపలా అది. సరైన వాట్లున్న అసలు చార్జర్ కొనడమే దీనికి మందు, ఫార్మాట్ ఎన్నిసార్లు చేసినా 0.78 అలాగే ఉంటుంది.

వేడి వల్ల వచ్చే మందగింపు దీనికి పూర్తిగా భిన్నంగా ప్రవర్తిస్తుంది. ఆన్ చేసిన మొదటి పది పదిహేను నిమిషాలు యంత్రం బాగానే నడిచి, ఆ తరువాత ఫ్యాను హోరెత్తి, అప్పుడు వేగం పడిపోతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరకు చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో గదిలో గాలే 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ హద్దుకు చేరడం ఎంతో దూరం కాదు. యార్డు చుట్టుపక్కల కొట్లలోనైతే ఫ్యానుకూ దాని ఎదుట ఉండే లోహపు రేకులకూ మధ్య మిర్చి దుమ్ము మందంగా పేరుకుపోతుంది. విప్పేవాడు ముక్కుకు గుడ్డ కట్టుకోకపోతే తుమ్ములతోనే సగం పొద్దు గడిచిపోతుంది. శుభ్రం చేయించేటప్పుడే ప్రాసెసర్ మీద, వేడిని బయటికి పంపేందుకు పూసి ఎండిపోయిన థర్మల్ పేస్టు కూడా మార్పించుకోవాలి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగున ఉన్న గాలి దారులు మూసుకుపోతాయని వేరే చెప్పనక్కరలేదు.

డిస్క్ నూరు శాతం దగ్గర నిలిచిపోయిందంటే ముందు అది ఏ రకం డిస్కో చూడాలి. ఎస్‌ఎస్‌డీ కాకుండా లోపల పళ్లెం తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే, విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సింగ్ (ఫైళ్లను త్వరగా వెతకడానికి విండోస్ వేసుకునే జాబితా), ఈ మూడింటిలో ఏ ఒక్కటి పని మొదలుపెట్టినా అది ఊపిరాడనంతగా నిండిపోతుంది. ఇక్కడొక విచిత్రమైన కలయిక ఉంది. మైక్రోసాఫ్ట్ తన నెలవారీ అప్‌డేట్‌ను ప్రతినెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. అమెరికా పగలు మనకు మంగళవారం రాత్రి కనుక మన యంత్రాల మీదకు అది బుధవారం దిగుతుంది. రెండో మంగళవారం ఎప్పుడూ 8, 14 తేదీల మధ్యే పడుతుంది. జీఎస్టీఆర్-1 గడువు 11. కాబట్టి గడువు దగ్గరపడగానే యంత్రం మొరాయిస్తుందని మా వృత్తిలోని వాళ్లు విసుక్కోవడం ఉత్త భ్రమ కాదు. ప్రాసెసెస్ జాబితాలో అప్‌డేట్‌ను ఎక్కించే విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ పేరు పైన కనిపిస్తే, దాన్ని బలవంతంగా ఆపకుండా ఒక గంట వదిలేసి, తరువాత రీస్టార్ట్ చేస్తే చాలు. ముందే జాగ్రత్త పడదలచినవారు సెట్టింగ్స్‌లో అప్‌డేట్‌ను ఒక వారం పాజ్ చేసుకోవచ్చు.

ఏ ప్రోగ్రామూ పెద్దగా చదవడం, రాయడం చేయకపోయినా డిస్క్ నూరు శాతం చూపిస్తూ ఉంటే మాత్రం భయపడాలి. టాస్క్ మేనేజర్‌లోనే 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' అని ఉంటుంది. పని తక్కువగా ఉన్నప్పుడు కూడా అది వందలు, వేల మిల్లీసెకన్లలోకి వెళుతుంటే, డిస్క్ ఒక చెడిపోయిన చోటును చదవడానికి పదేపదే ప్రయత్నిస్తోందని అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోగా వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టర్లు (చదవలేక అనుమానంలో ఉన్నవి) అన్న వరసల్లో సున్నా కాక వేరే అంకె ఉండి, అది రోజురోజుకూ పెరుగుతుంటే సందేహం తీరినట్టే. అప్పుడు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, డేటా అంతా వేరే డిస్కులోకి తీసుకోవడం. లోపాలు వెతికే చెక్ డిస్క్ నడపడం గానీ, ఫార్మాట్ చేసి అదే డిస్క్ మీద విండోస్ ఎక్కించడం గానీ, చావుబతుకుల మధ్య ఉన్న డిస్క్ చేత గంటల తరబడి వెట్టిచాకిరీ చేయించడమే. ఎస్‌ఎస్‌డీల బాధ వేరు. నిండా నింపితే అవి రాయడంలో బాగా నెమ్మదిస్తాయి కనుక కొంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

మెమరీ నిండిపోవడం గురించి చెప్పడానికి అంతగా లేదు. బ్రౌజర్‌లో తెరిచిపెట్టిన ట్యాబులు మూసి చూడండి. సీపీయూ నిండిపోతే ఏ ప్రోగ్రాము తింటోందో పేరే చెబుతుంది. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాను చప్పుడు తగ్గి, మూయగానే మళ్లీ మొదలవుతుంటే మాత్రం, క్రాక్ చేసిన ఏదో సాఫ్ట్‌వేర్‌తో పాటు దొంగచాటుగా వచ్చి, మన యంత్రంతో వేరొకరికి క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే మైనింగ్ ప్రోగ్రాము తనను తాను దాచుకుంటోందేమో చూసుకోవాలి.

తేదీ పట్టుకోవడానికి విండోస్‌లోనే రిలయబిలిటీ మానిటర్ అనే చక్కని పట్టిక ఉంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి వెతికితే, ఏ రోజు ఏ ప్రోగ్రాము ఎక్కింది, ఏ అప్‌డేట్ వచ్చింది, ఏది కుప్పకూలింది అన్నది రోజువారీగా కనిపిస్తుంది. ఇంత ఉపయోగమైన దాన్ని అంత లోపల ఎందుకు దాచారో నాకు అర్థం కాదు. నెమ్మదించిన రోజుకు ముందు రోజు ఏదైనా కొత్త ప్రోగ్రాము ఎక్కి ఉంటే దాన్ని తీసేసి చూడటం, ఏదైనా పరికరాన్ని నడిపే కొత్త డ్రైవరు వచ్చి ఉంటే పాతదానికి వెనక్కి వెళ్లడం, ఈ రెండూ ఫార్మాట్ కన్నా చాలా చవకైన ప్రయత్నాలు.

ఇవన్నీ చూశాక కూడా ఫార్మాటే శరణ్యమైతే చేయించుకోవచ్చు, వైరస్ పట్టిన యంత్రానికి నేనే చేయిస్తాను. అయితే ట్యాలీ డేటా ఫోల్డర్‌ను బయటకు తీసుకుని, దాని లైసెన్సును ముందుగానే సరెండర్ చేసి, అంటే ఆ యంత్రం నుంచి విడిపించి, ఉంచాలి. కొత్త విండోస్‌లో డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవరు, ఆ సంతకం వేయించే ఎంసైనర్ ప్రోగ్రాము, ప్రింటర్ అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. అందువల్ల 3బీ గడువుకు ముందు రోజు, 19వ తేదీ సాయంత్రం మాత్రం ఆ పనికి పూనుకోవద్దు.