తిరిగొచ్చే టైమ్ చెప్పారా?

గొడవ ముదురుతుంటే ఒకరు లేచి బయటికి వెళ్ళిపోతారు. రాత్రి పదకొండింటికి వచ్చి, మాటా పలుకూ లేకుండా పడుకుంటారు. మూడో రోజు "బిర్యానీ తెప్పించనా?" అంటారు. అసలు గొడవ దేనిగురించో మళ్ళీ ఎవరూ ఎత్తరు. "నాకు స్పేస్ కావాలి, అది నా హద్దు" అని దీనికే ఈమధ్య చాలామంది పేరు పెడుతున్నారు. లేచి వెళ్ళడం తప్పు కాదు, చాలాసార్లు అదే మంచిది కూడా. కానీ వదిలేసిన విషయం దగ్గరికి మళ్ళీ రాకపోతే అది తప్పించుకోవడమే.

విరామం ఎందుకు కావాలో శరీరమే చెబుతుంది. అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే సైకాలజిస్టులు 1980ల నుంచి దంపతులను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, వాళ్ళు ఒక గొడవ గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ గుండె వేగం, చెమట కొలిచారు. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకునే స్థితిలో ఎదుటి మనిషి మాట చెవికెక్కదని, శరీరం చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుందని గాట్‌మన్ చెబుతారు. కాబట్టి ఐదు నిమిషాల్లో తిరిగొస్తే మళ్ళీ అదే మంట.

వెళ్ళేముందు మూడు ముక్కలు చెప్పాలి: నా పరిస్థితి, మనం వదిలేస్తున్న విషయం, మళ్ళీ కూర్చునే టైమ్. "నాకు బుర్ర పనిచేయట్లేదు. మీ తమ్ముడికి ఇచ్చిన డబ్బు సంగతి తొమ్మిదిన్నరకి మాట్లాడదాం" అంటే చాలు. "తర్వాత చూద్దాం" అంటే టైమ్ చెప్పినట్టు కాదు. ఆ రాత్రి కుదరకపోతే మర్నాడు ఇదే వేళకి, అంతకు మించి సాగదీయొద్దు. తొమ్మిదిన్నరకి మాట మొదలుపెట్టాల్సింది కూడా లేచి వెళ్ళిన మనిషే. ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. అవతలివాళ్ళు గుర్తుచేసేదాకా ఆగి, గుర్తుచేయగానే "మళ్ళీ మొదలెట్టావా" అంటారు.

ఆ 20 నిమిషాలు ఏం చేస్తామన్నదీ ముఖ్యమే. మేడ మీద పచార్లు చేస్తూ "ఈసారి ఆ మాటంటే ఇలా దులిపేస్తా" అని జవాబులు తయారుచేసుకుంటుంటే గుండె వేగం తగ్గదు. వీధి చివరిదాకా నడవండి, బట్టలు మడతపెట్టండి, పాటలు వినండి. అక్కకి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పడం విశ్రాంతి కాదు, గొడవని ఇంకో ఇంటికి మోయడం.

ఉండిపోయినవాళ్ళకీ పని ఉంది. తలుపు దాకా వెంటపడి "ఇప్పుడే తేల్చు" అంటే వెళ్ళేవాళ్ళు ఇంకా దూరం పోతారు. వాళ్ళు దూరం పోయేకొద్దీ వీళ్ళకి భయం పెరిగి ఇంకా వెంటపడతారు. ఒకరు నిలదీయడం, ఒకరు ముడుచుకుపోవడం అనే ఈ చక్రాన్ని ఆండ్రూ క్రిస్టెన్‌సన్ లాంటి సైకాలజిస్టులు ఏళ్ళ తరబడి పరిశీలించారు. చెప్పిన టైమ్‌కి రెండు మూడుసార్లు నిజంగా తిరిగొస్తేనే వెంటపడే మనిషికి ధైర్యం వస్తుంది. ముందు నమ్మమంటే ఎలా నమ్ముతారు?

పిల్లలున్న ఇంట్లో మౌనానికి ఇంకో రూపం ఉంటుంది. "అన్నం పెట్టానని మీ నాన్నతో చెప్పు" అని తల్లి వంటింట్లోంచి, "ఆకలి లేదని చెప్పు" అని తండ్రి హాల్లోంచి. ఇద్దరి మధ్యా నిలబడిన ఎనిమిదేళ్ళ పిల్ల ఇద్దరి మొహాలూ చదవడం నేర్చుకుంటుంది. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. దీన్ని ఎవరు హద్దన్నా ఒప్పుకోను.

అమ్మానాన్నలతో సంగతి కొంచెం వేరు. "పిల్లలెప్పుడు?" అని ప్రతి ఫోన్‌లో అడిగే తల్లికి "నువ్వలా అడగకూడదు" అనడం ఆజ్ఞ. ఆవిడ నోరు మన చేతిలో లేదు. "అమ్మా, ఆ కబురు ఉంటే మేమే చెప్తాం. మళ్ళీ అడిగితే ఫోన్ పెట్టేస్తా, ఆదివారం చేస్తా" అనడం హద్దు, ఎందుకంటే అందులో ఉన్నదంతా మన చేతిలోని పనే. అడిగితే నిజంగా పెట్టేయాలి, ఆదివారం నిజంగా చేయాలి. మొదటిది చేసి రెండోది మానేస్తే ఆవిడకి అర్థమయ్యేది ఒక్కటే, పిల్లవాడు అలిగాడని. డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్ళి ఫోన్లు తగ్గించేస్తే గొడవ తీరిపోదు. ఇలాంటి తెగతెంపుల వెనక తేలని పాత ముడి అలాగే ఉంటుందని, అది కొత్త బంధాల్లో బయటపడుతుందని ఫ్యామిలీ థెరపీకి బాటలు వేసిన ముర్రే బోవెన్ అనేవారు.

కొట్టడం, బెదిరించడం, డబ్బు లాక్కోవడం ఉన్న ఇంటికి మాత్రం పై మాటలేవీ వర్తించవు. అక్కడ తిరిగొచ్చే టైమ్ చెప్పాల్సిన పని లేదు, కారణమూ చెప్పక్కర్లేదు. ముందు బయటపడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. హింస లేకపోయినా ఎంత ప్రయత్నించినా మాట ముందుకు కదలనివాళ్ళు, లేదా నోరు తెరవాలంటేనే గుండె దడ పుట్టేవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం తీసుకోరు.