విజయనగరంలో మా మేడ మీద మొదటి ఏడాది కూరమొక్కలు: నా అనుభవం

కిందటేడు మే నెలాఖరులో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ప్యాకెట్ల మీద బొమ్మలు చూసి క్యారెట్, కాప్సికం, కాలీఫ్లవర్ విత్తనాలు తెచ్చేశాను. క్యారెట్ దారాల్లా మొలిచి పడిపోయింది, కాలీఫ్లవర్ నారు వారం తిరక్కుండా మాడిపోయింది, కాప్సికం మొలవనే లేదు. రోజూ రెండు పూటలా నీళ్లు మోసి, చివరికి మొక్కల్లేని ఆ మట్టి సంచులు చూస్తే ఏడుపొచ్చేది.

మా కింద వాటాలో ఉండే మామ్మగారిది గజపతినగరం దగ్గర పల్లె. పైకొచ్చి చూసి, "ఏటమ్మా, చలికాలం పంటలు ఎండల్లో వేస్తే ఏటొస్తాయి? మీ ఇంట్లో వారంవారం ఏం కొంటారో ముందు అది చెప్పు" అన్నారు. తోటకూర, బెండకాయలు, గోంగూర, ఆనపకాయ అన్నాను. "అవే వెయ్యి, నాలుగు వానలు పడనీ." అంతే, ఏం వెయ్యాలన్న టెన్షన్ అక్కడితో పోయింది.

జూన్‌లో వానలు మొదలయ్యాక సగం ఎర్రమట్టి, మిగతా సగం బాగా మాగిన పశువుల గెత్తం (పేడ ఎరువు), కొబ్బరి పొట్టు కలిపి సంచులు నింపాను. గెత్తం పచ్చిది వేస్తే వేళ్లు మాడిపోతాయి, చేత్తో నలిపితే పొడి అవ్వాలి, వాసన రాకూడదు.

తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు, నల్లగా మెరుస్తూ ఉంటుంది. మొదటిసారి చల్లిన పూటే చీమలు ఒక్కొక్కటీ నోట కరుచుకుని గోడ వెంబడి వరసగా పోతుంటే చూశాను! రెండోసారి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి వేసి, సంచి చుట్టూ పసుపు చల్లాను. నాలుగో రోజుకి మొలకలు, నెల తిరక్కముందే పులుసు. పీకేయకుండా అడుగున రెండు కణుపులు వదిలి కోస్తే మళ్లీ చిగురేస్తుంది. బచ్చలికి అయితే విత్తనం కూడా అక్కర్లేదు, రైతు బజారులో కొన్న కట్టలోంచి లావుపాటి కాడ ఒకటి గుచ్చితే చాలు. గోంగూర నీళ్లు తప్ప ఇంకేమీ అడగలేదు.

బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, 12 అంగుళాల సంచికి ఒక్క మొక్క చొప్పున పెట్టాను. ఇక్కడ ఒక లెక్క తెలుసుకున్నాను. ఒక మొక్క రోజుకి ఒక కాయ ఇస్తే గొప్ప, కాబట్టి నలుగురికి కూర కావాలంటే కనీసం ఎనిమిది మొక్కలు ఉండాలి, రెండు మూడు రోజుల కాయలు ఫ్రిజ్‌లో పోగెయ్యాలి. నేను పెట్టింది మూడే. లేతపసుపు పువ్వు, లోపల ముదురు ఎరుపు, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. అక్కడినుంచి ఐదారు రోజుల్లో కోసెయ్యాలి, ఊరెళ్లి వచ్చేసరికి ముదిరిపోయి కత్తి దిగలేదు. ఆకుల కింద పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే లీటరు నీళ్లకి ఒక చెంచా వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాను, తగ్గింది.

ఆనప పాదుని పెద్ద టబ్బులో పెట్టి వెదురు పందిరి ఎక్కించాను. పిందెలు వేలెడంత అయ్యి పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంటే తెగులేమో అని భయపడ్డాను. తెగులు కాదు, పుప్పొడి అందడం లేదు. ఆనప పువ్వు సాయంత్రం చీకటిపడే వేళ విచ్చుకుంటుంది, ఆ టైముకి మా మేడ మీద తేనెటీగలుండవు. టార్చి పట్టుకుని మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించాను. నాలుగు రోజులకి ఆ పిందె నిగనిగలాడుతూ లావెక్కింది. అలా ఆరు కాయలు. మొదటిది నువ్వుపిండి పెట్టి వండి మామ్మగారికి ఇచ్చాను.

మొదటిసారి పెంచేవాళ్లు వంగ, టమాటా రెండో ఏటికి వదిలెయ్యండి. నారు పొయ్యాలి, తీసి నాటాలి, వంకాయకి పుచ్చు, టమాటాకి ఆకుముడత. అన్నీ ఒకేసారి మీద పడితే విసుగొచ్చి మానేస్తాం.

దసరా తర్వాత వచ్చే మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ వెళ్లాక మెంతులు, ధనియాలు వేశాను. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. పందిరిని తాడుతో పిట్టగోడకి బిగించి కట్టాను, మన వైపు తుఫాను గాలులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే కదా. నవంబరులో, మేలో మిగిలిన క్యారెట్ ప్యాకెట్ తీసి లోతైన సంచిలో మళ్లీ చల్లాను. ఈసారి మొలకలు పడిపోలేదు.