మా పండుకి ట్రైనర్‌ని వెతికిన కథ

మన దేశంలో కుక్కల ట్రైనర్ అవ్వడానికి లైసెన్సు అక్కర్లేదు, పరీక్ష లేదు. చేతిలో ఒక గొలుసు, ఫోన్‌లో నాలుగు వీడియోలు ఉంటే చాలు, రేపటి నుంచి ఎవరైనా ట్రైనరే. ఈ సంగతి వెతకడం మొదలుపెట్టాకే నాకు అర్థమైంది. అందుకే ఎవరెంత గొప్పగా చెప్పుకున్నా చూసి, అడిగి, మనమే తేల్చుకోవాలి.

మాది హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్. పండు దేశీ కుక్క, పిల్లగా ఉన్నప్పుడు సెల్లార్‌లో దొరికాడు. చిన్నప్పుడు అందరి దగ్గరికీ వెళ్లేవాడు కానీ, ఏడాది దగ్గరపడేసరికి డెలివరీ అబ్బాయిలని చూస్తే చాలు గొంతు చించుకుని అరవడం, లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే మీదికి దూకబోవడం మొదలైంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజులు సరేసరి. పెంపుడు కుక్కని లిఫ్ట్‌లో ఎక్కించొద్దనే హక్కు అసోసియేషన్‌కి లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల్లో ఉంది, కావాలంటే అది పంపి వాదించొచ్చు. కానీ మూడో అంతస్తు పాప వాణ్ని చూసి గోడకి అతుక్కుపోతుంటే ఆ కాగితం ఏం చేసుకోను?

ముందు అందరిలాగే మ్యాప్స్‌లో వెతికాను. రేటింగులన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి, రివ్యూలు కూడా ఒకే చెయ్యి రాసినట్టున్నాయి. వెట్ దగ్గర కంపౌండర్ ఒక నంబర్ ఇచ్చాడు, మధ్యలో కమీషన్ ఉందేమోనని నాకు అనుమానం. నిజంగా పనికొచ్చింది కొండాపూర్ డాగ్ పార్క్. జీహెచ్‌ఎంసీ కట్టిన పార్క్ అది, ఆదివారం పొద్దున వెళ్తే కుక్కలతో పాటు వాటి యజమానులూ దొరుకుతారు. "మీ ట్రైనర్ ఎవరండీ?" అని అడిగితే సగం మంది పొగుడుతారు, సగం మంది తిడతారు. తిట్టేవాళ్ల మాటలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి, ఏం అడగాలో అక్కడే తెలిసింది.

మొదట ఇంటికి వచ్చినాయన డాగ్ స్క్వాడ్‌లో పనిచేశానన్నాడు. మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది కాబట్టి అది నిజం కూడా కావచ్చు. అయినా బాంబు వాసన పట్టే కుక్కని తయారు చేయడం వేరు, బెదురుతో అరిచే ఇంటి కుక్కని కుదుటపరచడం వేరు. వస్తూనే సంచిలోంచి చోక్ చైన్, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు తీశాడు. "సార్, ఇంట్లో ఆల్ఫా ఎవరో దానికి తెలియాలి" అన్నాడు. ఆల్ఫా అంటే గుంపు మీద పెత్తనం చేసేదన్నమాట. ఆ మాట ఎక్కడిదో తర్వాత చదివాను. 1947లో ఒక పరిశోధకుడు, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని బోనులో కలిపి పెట్టినప్పుడు అవి కొట్టుకోవడం చూసి రాసిన దాని నుంచి ఆ ఆలోచన వచ్చిందట. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, ఆల్ఫా అన్న మాటే సరికాదని తోడేళ్ల మీద పరిశోధన చేసే డేవిడ్ మీచ్ 1999లో రాశాడు. ఒకప్పుడు ఆ మాట బాగా ప్రచారం కావడానికి ఆయనా ఒక కారణమే, మళ్లీ ఆయనే కాదన్నాడు. మన ట్రైనర్లకి ఆ రెండో కబురు ఇంకా చేరినట్టు లేదు.

ఆ ట్రైనర్ ఒక్కసారి గొలుసు గుంజేసరికి పండు అరవడం ఆపేశాడు, అది నిజమే. మా నాన్న కూడా "చూశావా, ఎట్లా దారికొచ్చాడో" అన్నారు. నేను మాత్రం తోక చూస్తున్నాను. కాళ్ల మధ్యకి వెళ్లిపోయింది, చెవులు వెనక్కి అతుక్కున్నాయి, ఊరికే నాలుకతో మూతి నాక్కుంటున్నాడు. అది నేర్చుకున్న కుక్క కాదు, భయంతో నోరు మూసుకున్న కుక్క. అలాంటివే ఒకరోజు హెచ్చరిక లేకుండా కరుస్తాయని పార్క్‌లో ఒకావిడ చెప్పారు. కుక్కని కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే, కాకపోతే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టీ, సమోసా ఖర్చు. ఇక ఎవరు భయపడతారు?

తర్వాత బోర్డింగ్ వాళ్లతో మాట్లాడాను. నెలన్నర వాళ్ల దగ్గర వదిలేస్తే పూర్తిగా ట్రైనింగ్ అయిన కుక్కని ఇస్తామంటారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. మధ్యలో చెప్పకుండా వచ్చి చూడొచ్చా అంటే, "కుక్క డిస్టర్బ్ అవుతుంది సార్, వీడియోలు పంపుతాం" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది. అసలు పండు అరిచేది మా లిఫ్ట్ దగ్గర, మా తలుపు దగ్గర. ఊరవతల షెడ్డులో సిట్, స్టే నేర్చుకొచ్చినంత మాత్రాన ఇక్కడికి రాగానే అవి గుర్తుంటాయన్న నమ్మకం నాకు కలగలేదు.

చివరికి కుదిరినావిడ ఫోన్‌లోనే నన్ను విసిగించేశారు. ఏం తింటాడు, ఎన్ని గంటలు పడుకుంటాడు, తలుపు దగ్గర పడుకుంటాడా మంచం కిందా, ఎవరిని చూసి అరవడు... చివరి ప్రశ్న నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ తర్వాత "ముందు డాక్టర్‌కి చూపించండి, చెవుల్లోనో కీళ్లలోనో నొప్పి ఉంటే నేనేం చేసినా దండగ" అన్నారు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. గ్యారెంటీ ఇస్తారా అని ట్రైనర్‌ని అడిగితే నవ్వి, "కుక్కకి గ్యారెంటీ ఇచ్చేవాళ్లని నమ్మకండి" అన్నారు. నేను డబ్బు మాట ఎత్తకముందే, కావాలంటే తన ఇంకో క్లయింట్ ఇంట్లో సెషన్ చూడమన్నారు. వెళ్లి చూశాను. అక్కడి బీగిల్ జాతి కుక్క, ఆవిడ రాగానే ఒళ్లంతా ఊపుకుంటూ ఎదురెళ్లింది. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఫీజు ఆ గొలుసాయన కంటే ఎక్కువే. అయితే నెల మొత్తానికి ముందే కట్టమనలేదు, మొదటి సెషన్ అయ్యాక ఇష్టమైతేనే కొనసాగించమన్నారు.

మొదటి రోజు పండుకి ట్రైనింగ్ ఏమీ జరగలేదు, మాకే జరిగింది. నేను సిట్ అంటాను, అమ్మ కూర్చో అంటుంది, నాన్న వేలు చూపించి అరుస్తారు. అందరూ ఒకే మాట అనాలని, భోజనం దగ్గర ముక్కలు విసరొద్దని ఆవిడ చెబితే నాన్నకి చాలా కోపం వచ్చింది. "కుక్కకి కదా ఫీజు కట్టింది!" అన్నారు. ఆ తర్వాత కారిడార్ ఈ చివర పండు, ఆ చివర డెలివరీ అబ్బాయిలా సంచి పట్టుకున్న మా వాచ్‌మన్. వాచ్‌మన్ కనపడగానే, అరవకముందే, ఉడికించిన చికెన్ ముక్క. అతను చాటుకి వెళ్తే చికెన్ బంద్. అరుపు మొదలైతే దూరం పెంచడం, తిట్టడం ఉండదు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఏ దూరం దగ్గర వాడి చెవులు నిక్కబొడుస్తాయో కనిపెట్టడమే అసలు పని. దానికే నేను డబ్బు కడుతున్నాను. వేసవిలో ఎండెక్కితే రోడ్డు కాళ్లు కాల్చేస్తుంది కాబట్టి బయట సెషన్లన్నీ పొద్దున్నే.

ఇప్పుడు లిఫ్ట్‌లో కూర్చుంటాడు. తలుపు తెరుచుకుంటే ముందు నా మొహం చూస్తాడు, చికెన్ కోసమే అనుకోండి. కొరియర్ వాళ్లకి ఒకటి రెండు అరుపులతో సరిపెడుతున్నాడు. వాటర్ క్యాన్ అతనంటే మాత్రం ఇంకా శివాలెత్తుతాడు. మనిషిని చూసి కాదు, క్యాన్ నేల మీద పెట్టిన చప్పుడుకేమోనని ఆవిడ అనుమానం. వచ్చే సెషన్‌కి ఒక ఖాళీ క్యాన్ తెచ్చిపెట్టమన్నారు.