ఇంటి స్పీకర్లు ఓమ్నీలో బిగించుకున్నాం – నా అనుభవం

నాయన ఇష్టపడి కొనుక్కున్న చెక్క బాక్సుల స్పీకర్లు రెండు అటక మీద పడున్నాయి. వాటి గొంతు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. కారు కోసమని షాపుల్లో వినిపించినవేవీ నా చెవికి ఆనలేదు. అందుకే వాటినే మా ఓమ్నీలో పెట్టించాలనుకున్నా. మాది కావలి. సామాను కోసం అటు ఒంగోలు, ఇటు నెల్లూరు ట్రంకు రోడ్డు రెండూ తిరిగా.

ఎవర్నడిగినా ముందు చెప్పేది ఇన్వర్టరు పెట్టి ఇంటి యాంప్లిఫయరునే నడపమని. నాకది నచ్చలేదు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల డీసీని ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసీ చేయడం, యాంప్లిఫయరు దాన్ని మళ్ళీ తగ్గించి డీసీ చేసుకోవడం. ఆ దారిలో బోలెడు కరెంటు వేడి కిందే పోద్ది. చవక ఇన్వర్టరైతే పాట కింద బుయ్‌మని హమ్ము కూడా. 300 వాట్లు లాగాలంటే బ్యాటరీ మీద 25 ఆంపియర్ల పైమాటే. పిల్లలెక్కే బండిలో 230 వోల్టులు ఉండటం నాకసలు ఇష్టం లేదు.

తర్వాత ఓముల సంగతి, అంటే స్పీకరు కరెంటుకి ఎంత అడ్డుపడుద్దనే లెక్క. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓములు. మా వాటి వెనక రేకు మీద 8 అనుంది. కారు స్టీరియోకి తగిలిస్తే ఏదీ కాలదు, సౌండే తగ్గుద్ది. తిరగేసి చేసేవాళ్ళే జాగ్రత్తపడాలి: 8 ఓములకని చేసిన ఇంటి యాంప్లిఫయరుకి 4 ఓముల కారు స్పీకరు తగిలించి గట్టిగా పెడితే కరెంటు రెట్టింపు లాగి అది మాడిపోవచ్చు.

సౌండు తగ్గేది వోల్టేజీ చాలక. 12 వోల్టుల మీద 8 ఓములకి 9 వాట్లకి మించి శుభ్రంగా రాదు, ఇంజను నడుస్తుంటే వోల్టేజీ కాస్త పెరిగి 13 వాట్ల దాకా. అదే 24 వోల్టులిస్తే లెక్క ప్రకారం 36 వాట్ల దాకా. అందుకని టీపీఏ3116 చిప్పున్న చిన్న యాంప్లిఫయరు బోర్డు, దాని ముందు 12ని 24 చేసే బూస్ట్ మాడ్యూలు తీసుకున్నా.

వైరింగు మా బజారులో ఆటో ఎలక్ట్రీషియనన్న చేశాడు. "అబ్బయ్యా, బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుండా అయితే నేను చెయ్యి పెట్టను" అన్నాడు. నిజమే. రేకు అంచుకి రాసుకుని వైరు తోలు ఊడిందంటే మంటలే. ప్లస్ నుంచి జానెడు దూరంలో 10 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. ఎర్తు కోసం, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళడానికి, సీటు కింద ఒకచోట పెయింటంతా ఉప్పుకాగితంతో గీకి, రేకు తళతళమన్నాకే బోల్టు బిగించాడు. ఈ చిప్పులో స్పీకరు మైనస్ కూడా లైవే, అది బాడీకి తగలకూడదు. ఆ మైనస్ వైర్లు రెండిటికీ స్లీవు తొడిగించా.

స్టార్ట్ చేస్తే పాట వెనక కుయ్‌మని సన్నటి కూత, రేజ్ చేసేకొద్దీ పెరుగుతా ఉంది. ఇంజనుతో తిరుగుతా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు గోల అది. స్టీరియో ఎర్తునీ యాంప్లిఫయరు ఎర్తునీ ఒకే బోల్టుకి తెచ్చి, ఆడియో వైర్లు కుడి పక్క, కరెంటు వైరు ఎడమ పక్క లాగితే పూర్తిగా పోయింది.

బాక్సుల్ని వెనక సీటు వెనక ఇనప క్లాంపులతో నేలకి బిగించాం. సడన్ బ్రేకు వేస్తే అంత బరువు మనిషి మెడ మీదకి రాకూడదు కదా. ఇక మిగిలింది ఎండ. మే నెలలో తలుపులు మూసి ఎండలో వదిలితే స్పీకరు కోన్ల చుట్టూ ఉన్న జిగురు మెత్తబడొచ్చు. ఆ నెలంతా బండి నీడనే పెడుతున్నా, అద్దాలు వేలెడు దించి.