పొలిమేర రాయి దగ్గర

ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లోని మా అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఒక శనివారం బావగారు మమ్మల్ని డెర్బీషైర్‌లోని ఈమ్ అనే పల్లెకు తీసుకెళ్ళారు. రాతి ఇళ్ళ చిన్న ఊరు. కొన్ని ఇళ్ళ ముందు ఆకుపచ్చ పలకలున్నాయి. ఆ ఇంట్లో ప్లేగుతో ఎవరెవరు పోయారో వాటి మీద రాసి ఉంది.

1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో జబ్బు ఊళ్ళోకి దిగిందంటారు. తడిసిన బట్టను మంట దగ్గర ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికార్స్ సెప్టెంబరులో పోయాడు. మరుసటి వేసవికి చావులు పెరిగాయి. అప్పుడు చర్చి ఫాదర్ విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటకూడదని. పద్నాలుగు నెలల్లో దాదాపు 260 మంది పోయారు. మాంపెసన్ భార్య కేథరిన్ కూడా 1666 ఆగస్టులో పోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది.

పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల్లో నడిస్తే పొలిమేర రాయి వస్తుంది. దాని మీద ఆరు గుంటలు. డబ్బుల ద్వారా జబ్బు అంటకూడదని ఊరివాళ్ళు వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవారు. పక్క ఊరివాళ్ళు తిండి అక్కడ పెట్టి, ఆ డబ్బులు తీసుకుని వెళ్ళేవారు. నేను ఒక గుంటలో వేలు పెట్టి చూశాను. చల్లగా, వాన నీళ్ళతో ఉంది. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు తాకకుండా అన్ని నెలలు గడిపారు. ఎంత నమ్మకం ఉంటే అది సాగింది!

చివరగా ఊరి బయట రైలీ సమాధులకు వెళ్ళాం. గుండ్రటి రాతి గోడ లోపల హాంకాక్ కుటుంబం సమాధులు. 1666 ఆగస్టు 3 నుంచి 10 లోపల ఎలిజబెత్ హాంకాక్ తన భర్తనూ ఆరుగురు పిల్లలనూ పోగొట్టుకుంది. సాయానికి ఎవరూ దగ్గరికి రాలేని రోజులు. గోతులు ఆవిడే తవ్వి, ఒక్కొక్కరినీ ఈడ్చుకొచ్చి పూడ్చిందట. స్టోనీ మిడిల్టన్ జనం ఎదుటి కొండ మీద నిలబడి అదంతా చూశారని చెప్తారు.

నాకు ఆ చూసినవాళ్ళ మీద కోపం రాలేదు. తిండి తెచ్చి రాయి మీద పెట్టింది కూడా ఆ ఊరివాళ్ళేగా.

అక్క వంగి, రాళ్ళ మీద అరిగిపోయిన అక్షరాల్లో పిల్లల పేర్లు వెతికి మెల్లగా చదివింది. తర్వాత చాలాసేపు కారులో ఎవరం మాట్లాడుకోలేదు.