మా తోట కింద పైపులైను: అభ్యంతరం ఎలా వేశామంటే

బంగారుపాళ్యం దగ్గర మా తోతాపురి తోట గుండా డీజిలు పైపులైను పోతుందని నోటీసు వస్తే, "భూమి పోతుందా?" అన్నాడు నాయన. పోదు. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం గొట్టం వేసుకునే హక్కునే తీసుకుంటుంది. పట్టా మన పేరునే ఉంటుంది. కానీ గొట్టం పోయే ఆ సన్నటి పట్టీలో మళ్లీ చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. అందుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పోయే చెట్లకు, పంటకు నష్టం వేరే కడతారు.

నా బాధ దుడ్ల గురించి కాదు. తోట దిగువన వంక ఉంది, ఆ నీళ్లు చెరువులోకి పోతాయి, గొట్టం లీకైతే డీజిలూ అక్కడికే పోతుంది. చెరువు నిండితేనే మా బోర్లలో నీళ్లు. ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడని అడిగితే, ఉండదన్నారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం నేషనల్ పార్కులు, అభయారణ్యాల వంటి చోట్ల గుండా పోయే పైపులైన్లకే పర్యావరణ అనుమతి కావాలి, ఆ అనుమతి కోసమే ప్రజాభిప్రాయ సేకరణ. మా జిల్లాలోని కౌండిన్య అభయారణ్యానికి ఉన్న రక్షణ మా చెరువుకు లేదు. ఇది చాలా అన్యాయం.

మిగిలిన దారి 1962 చట్టంలోని సెక్షన్ 5. 21 రోజుల్లోగా కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ చట్టం కింద నియమించిన అధికారికి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. వట్టిగా "వద్దు" అంటే నిలవదని, సర్వే నంబరుతో సహా ఏం కావాలో రాయమని తెలిసిన లాయరన్న చెప్పాడు. అడంగల్, 1బి (భూమి రికార్డులు) తీసి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు మీద వంకను, బోర్లను ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టాం. గొట్టానికి చట్టం అడిగేది కనీసం ఒక మీటరు లోతు. 2021 నవంబరు వానలకు మా వంక గట్టే కొట్టుకుపోయింది, అక్కడ మీటరు మట్టి ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే వంకను తవ్వి దాటొద్దని, అడుగున లోతుగా డ్రిల్లింగ్ చేయమని రాశాం. లీకైతే ఊరికి వెంటనే తెలిసే ఏర్పాటు కూడా అడిగాం. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఎంతమంది కాలిపోయారో మరిచిపోగలమా! గొట్టం పోయే పొలాల వాళ్లందరం విడివిడిగా అర్జీలిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం.

అభ్యంతరం వేసినవాళ్లను పిలిచి వినాల్సిందే. విచారణలో నాయన ఒక్కటే అడిగాడు: "సార్, చెట్టుకు రేటు కడతారు. చెరువు చెడిపోతే ఎవరికి కడతారు?" జవాబు రాలేదు. ఆ ప్రశ్నను రికార్డులో రాయమని పట్టుబట్టాం, రాశారు.

దారి మారలేదు, చెట్లు పోతున్నాయి. వంక దగ్గర మాత్రం డ్రిల్లింగ్‌కు ఒప్పుకున్నారు. లీకు హెచ్చరిక సంగతి ఇంకా నోటిమాటగానే ఉంది. దాన్ని రాతలో ఇప్పించమని కలెక్టరుకు అర్జీ పెట్టాం.